కుర్చీ దిగాక కత్తులు పోగేసిన నవాబు

హైదరాబాద్‌లో ఉండి సాలార్‌జంగ్ మ్యూజియం చూడని కుటుంబం అరుదు. ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్ తర్వాత తీసుకెళ్లేది అక్కడికే. లోపలికెళ్లిన వాళ్లు ముందుగా సంగీత గడియారం దగ్గర చేరతారు. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. ఆ తర్వాత మేలిముసుగు రెబెకా. ఆ తర్వాత కాళ్ల నొప్పులు. ఆయుధాల గదికి, జేడ్ గదికి వచ్చేసరికి చాలామంది నడక వేగం పెంచేస్తారు. అద్దాల వెనక వరుసగా ఖంజర్లు, కటార్లు, పేష్‌కబ్జ్‌లు. పైపైన చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి.

నిలబడి చూస్తే మాత్రం ఏ రెండూ ఒకేలా ఉండవు. అవి అచ్చుపోసి వందల్లో తీసిన సరుకు కాదు. ఒక మనిషి చేతి కొలతకు, ఒక మనిషి హోదాకు తగ్గట్టు ఎవరో ఉస్తాద్ కూర్చుని చేసిన పని. అలాంటి వాటిని వెతికి, కొని, ఒక కప్పు కిందికి చేర్చిన వారు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. లోకం ఆయన్ని మూడో సాలార్‌జంగ్ అని పిలుస్తుంది. 25 ఏళ్ల వయసులో నిజాం రాజ్యంలోని రెండో పెద్ద పదవి నుంచి దిగిపోయి, మిగిలిన దాదాపు 35 ఏళ్లూ చేతిపనుల వెంట తిరిగారు. ఆయన పోగేసినవి అన్నీ ఇన్నీ కావు. బొమ్మలు, గడియారాలు, తివాచీలు, చైనా పింగాణీ, రాతప్రతులు, అన్నీ ఉన్నాయి. అయితే ఆయన కన్ను ఎంత సూక్ష్మమైనదో తెలియాలంటే కత్తుల దగ్గర ఆగాలి. ఈ కథ అక్కడి నుంచే చెప్పుకుందాం.

తండ్రి పోయిన ఇంట్లో పెరిగిన బిడ్డ

మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. బిడ్డకు నెల కూడా నిండకముందే తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్, అంటే రెండో సాలార్‌జంగ్, కన్నుమూశారు. తాత మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ అప్పటికి ఆరేళ్ల క్రితమే, 1883లో కలరాతో పోయారు. ఆ తాతగారు మామూలు మనిషి కాదు. 1853 నుంచి చనిపోయే దాకా 30 ఏళ్లు హైదరాబాద్ రాజ్యానికి దివాన్‌గా పనిచేశారు. అప్పుల్లో కూరుకుపోయిన రాజ్యాన్ని గట్టెక్కించి, జిల్లాల పాలన పెట్టి, రైలు తెచ్చిన వ్యక్తి. ఈ రోజుకీ పాతబస్తీ పెద్దలు సాలార్‌జంగ్ అనగానే ముందు గుర్తుచేసుకునేది ఆయన్నే.

తండ్రి నీడ లేకపోయినా పసివాడు అనాథలా పెరగలేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఎస్టేట్‌ను తన పర్యవేక్షణలోకి తీసుకుంది. బిడ్డ పెరిగింది చార్మినార్‌కు దగ్గర్లోని దివాన్ దేవిడీలో. ఆ దేవిడీని ఒక ఇల్లు అనడం కష్టం. ఐనా ఖానా, చీనీ ఖానా, లక్కడ్ కోట్ అంటూ ఒక్కో భాగానికి ఒక్కో పేరు. గోడలకు అద్దాలు, అల్మారాల్లో పింగాణీ, కొయ్య చెక్కడాలు. తాతగారు 1876లో ఐరోపా వెళ్లినప్పుడు రోమ్‌లో కొన్న రెబెకా పాలరాతి బొమ్మ కూడా ఆ ఇంటి సొత్తే.

ఆ ఇంట్లో ఆయుధాలకూ కొదవ లేదు. ఈ వంశం మీర్ ఆలం వంశంతో కలిసింది. మీర్ ఆలం అల్లుడు మునీరుల్ ముల్క్ మనవడే మొదటి సాలార్‌జంగ్. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన నిజాం సేనలకు మీర్ ఆలం నాయకత్వం వహించారు. అలాంటి ఇంట్లో తరాల నాటి కత్తులు, డాళ్లు గోడల మీద ఉండటం వింత కాదు. మనింట్లో పిల్లలు అమ్మమ్మ పాన్‌దాన్ మూత తీసి మూస్తూ ఆడుకున్నట్టు, ఆ బిడ్డ రాజుల నాటి వస్తువుల మధ్య ఆడుకుంటూ పెరిగాడు. పెద్దయ్యాక ఆయనకొచ్చిన మోజుకు విత్తనం అక్కడే పడిందనుకోవాలి.

రెండున్నరేళ్ల దివాన్‌గిరీ

1911లో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. 1912లో మహారాజా కిషన్ పర్షాద్ స్థానంలో యూసుఫ్ అలీ ఖాన్‌ను దివాన్‌గా నియమించారు. అప్పుడు దివాన్‌కు 23 ఏళ్లు. నిజాంకు 26. తాత, తండ్రి కూర్చున్న కుర్చీలోనే మనవడు కూర్చున్నాడని ఊరంతా సంబరపడి ఉంటుంది.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. యువ నిజాంకు అన్ని పనులూ తన చేతుల మీదుగానే జరగాలి. యువ దివాన్‌కు తన మాట చెల్లే చోటు తగ్గుతూ వచ్చింది. 1914 నవంబరులో ఆయన పదవి వదులుకున్నారు. ఆ తర్వాత ఐదేళ్ల పాటు నిజాం కొత్త దివాన్‌ను పెట్టుకోకుండా రాజ్యాన్ని స్వయంగా నడిపారు. దీన్నిబట్టి ఆ కుర్చీకి అప్పట్లో ఎంత విలువ మిగిలిందో అర్థమవుతుంది.

ఒక్కసారి ఆయన పరిస్థితి ఆలోచించండి. 25 ఏళ్లు. పెళ్లి కాలేదు, తర్వాతా చేసుకోలేదు. చేతిలో పెద్ద జాగీరు, ఖజానాలో డబ్బు, చేయడానికి పని లేదు. ఆ రోజుల్లో ఇలాంటి స్థితిలో ఉన్న నవాబ్‌జాదాలు ఏం చేసేవారో మనకు తెలుసు. గుర్రప్పందేలు, మెహఫిళ్లు, దర్బారు కుట్రలు. ఈయన దారి వేరు. తాత ముత్తాతలు అక్కడక్కడా కొన్న వస్తువుల్ని ఈయన జీవితకాలపు పనిగా మార్చుకున్నారు. దివాన్‌గిరీ పోవడం వల్ల మనకు ఒక మంత్రి తగ్గి ఉండొచ్చు. దాని వల్లే మన నగరానికి ఒక మ్యూజియం దక్కింది.

అంతరించిన పని, మిగిలిన కత్తులు

ఆయన కొనడం మొదలుపెట్టిన కాలం కూడా ముఖ్యమే. 1914 నాటికి మన దేశంలో పాత పద్ధతిలో చేతి కత్తులు చేసే పని దాదాపు అంతరించింది. యుద్ధాలు తుపాకుల చేతికి వెళ్లిపోయాయి. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్లు ఆయుధాల మీద ఆంక్షలు పెంచారు. విలాయతీ ఉక్కు చవగ్గా వచ్చి పడింది. కొలిమి దగ్గర కూర్చునే వాళ్ల పిల్లలు వేరే పనుల్లోకి పోయారు. సంస్థానాల ఖజానాల్లో ఉన్న పాత బాకులు అమ్మకానికొచ్చాయి. ఎన్నో లండన్, పారిస్ దుకాణాలకు చేరాయి.

అంటే ఆయన ఎంత డబ్బు పెట్టినా కొత్తగా అలాంటి కత్తి చేయించుకోవడం సాధ్యం కాని రోజులవి. చేసే చేతులే లేవు. మిగిలింది పాత వాటిని కాపాడుకోవడమే. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఆయన కొనుగోళ్లు విలాసంలా కనబడవు.

ఈ కథలో మన తెలుగు పల్లెలకూ వాటా ఉంది. ప్రపంచమంతా డమస్కస్ కత్తులని గొప్పగా చెప్పుకునే వాటికి వాడిన ముడి ఉక్కులో చాలా భాగం దక్షిణ భారతం నుంచి వెళ్లింది. ఇంగ్లీషు పుస్తకాల్లో వూట్జ్ అని కనబడే మాట మన ఉక్కు మాటకు వచ్చిన వికృత రూపమే అంటారు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పారశీకులు మేలైన కత్తులకు వాడే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాసిపెట్టాడు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఈ పనికి పేరుపడ్డ ఊరు. 1820ల ప్రాంతంలో సర్వే విభాగం వైద్యుడు హెన్రీ వాయ్సీ ఆ ఊరు చూసి, అక్కడి కొలిముల పనితనాన్ని వివరంగా రాశాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఒక హాజీ వర్తకుడు ఉక్కు కొనడానికి ఆ పల్లె దాకా వచ్చి ఉండటం కూడా ఆయన చూశాడు. ఎక్కడి ఇస్ఫహాన్, ఎక్కడి కోనసముద్రం!

ఆ ఉక్కు తయారీ ఓపిక పని. ఇనుప ముక్కల్ని మట్టి మూసల్లో పెట్టి, గాలి దూరకుండా మట్టితో మూతి మూసేవారు. బొగ్గుల బట్టీలో ఉంచి గంటల తరబడి తిత్తులు ఊదేవారు. లోపలి ఇనుము బొగ్గు సారాన్ని పీల్చుకుని కరిగేది. దాన్ని నిదానంగా చల్లారనిచ్చి మూస పగలగొడితే గుండ్రటి ఉక్కు ముద్ద వచ్చేది. కత్తి చేసే లుహార్‌కు అసలు పరీక్ష ఆ తర్వాతే. ఎక్కువ కాలిస్తే ముద్ద పగిలిపోతుంది. తక్కువ కాలిస్తే సాగదు. సరైన వేడిలో కొట్టి, సానపట్టి, పులుపు రసాయనం పూస్తే అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. ఆ గీతల్నే ఉర్దూ, ఫార్సీలో జౌహర్ అంటారు. మనిషిలోని అసలు గుణాన్ని కూడా మనం జౌహర్ అనే అంటాం. మాట ఊరికే పుట్టలేదు.

ఒక ఖంజర్ వెనక ఎన్ని చేతులు

కత్తుల మోజు ఉన్నవాళ్లకు ముందు కావాల్సింది వాటి జాతి తెలియడం. ఖంజర్ అలుగు రెండువైపులా పదునుతో, కాస్త వంపు తిరిగి ఉంటుంది. పేష్‌కబ్జ్‌కు వీపు మందంగా ఉండి మొన సన్నబడుతుంది. అది ఇనుప గొలుసుల కవచాన్ని గుచ్చడానికి పుట్టింది. కార్డ్ నిటారుగా, ఒకవైపే పదునుగా ఉంటుంది. కటార్ పూర్తిగా మన దేశానిది. దాని పిడిని పిడికిలితో అడ్డంగా పట్టుకుంటారు, గుద్దినట్టుగా పొడుస్తారు. జంబియా అరబ్బుల బాకు. హైదరాబాద్‌లో దాన్ని పరిచయం చేయక్కర్లేదు. నిజాం సేనల్లో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో ఈ రోజుకీ ఉన్నారు. మర్ఫా దరువు మొదలైతే పెళ్లి బారాత్‌లో జంబియా గాల్లో తిరగడం మనలో చాలామంది చూసిందే.

రాజుల కోసం చేసిన ఖంజర్ ఒక్కరి పని కాదు. అలుగు కొట్టేవాడు లుహార్. దాని మీద సన్నటి బంగారు తీగను సుత్తితో అద్ది పూలో, ఆయతులో, యజమాని పేరో తేల్చేవాడు కోఫ్త్‌గర్. పిడి జేడ్ రాయిదైతే అది హక్కాక్ చేతికి వెళ్తుంది. జేడ్‌ను మనవాళ్లు యషబ్ అంటారు. అది ఉలికి లొంగే రాయి కాదు. కురువిందం పొడి, నీళ్లు కలిపి, తిరిగే చక్రం మీద నెలల తరబడి అరగదీయాలి. గుర్రం తల, పొట్టేలు తల, విచ్చుకునే పువ్వు, ఇవన్నీ అలా అరగదీసి తెచ్చిన రూపాలే. ఆ తర్వాత జర్‌గర్ అందులో గాడులు తీసి, మేలిమి బంగారు రేకును ఒత్తి, కెంపులు, పచ్చలు కూర్చోబెడతాడు. అదే కుందన్ పని. చివరికి కొయ్య ఒర, దాని మీద మఖ్‌మల్, ఒర మొనకు లోహపు తొడుగు. ఇన్ని చేతులు దాటాక గానీ అది నడుముపట్టీలోకి చేరదు.

చేయించుకునే వాళ్ల శ్రద్ధ కూడా తక్కువ కాదు. జహంగీర్ బాద్‌షా తన జ్ఞాపకాల్లో ఒక ముచ్చట రాసుకున్నారు. 1621లో జలంధర్ దగ్గర ఆకాశం నుంచి పడిన ఇనుప ముద్దను తెప్పించి, ఉస్తాద్ దావూద్‌కు ఇచ్చి కత్తి చేయమన్నారు. ఒట్టి ఆ ఇనుము సుత్తి దెబ్బకు పగిలిపోతుంటే, మామూలు ఇనుము కలిపి కొట్టమన్నారు. అలా రెండు ఖడ్గాలు, ఒక ఖంజర్, ఒక కత్తి తయారయ్యాయి. వాటిలో కత్తి ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. సముద్ర జంతువు దంతంతో పిడులు చెక్కిన పూరన్, కల్యాణ్ అనే ఇద్దరు పనివాళ్లను కూడా జహంగీర్ పేరుపెట్టి మెచ్చుకున్నారు. ఒక ముస్లిం బాద్‌షా, ఒక ముస్లిం లుహార్, ఇద్దరు హిందూ శిల్పులు. ఆ కత్తుల వెనక ఉన్న హిందుస్తాన్ అదీ.

కానీ ఇలా పేరు దక్కింది ఎంతమందికి? వేలల్లో ఒకరిద్దరికి. మిగతా ఉస్తాద్‌లు ఎవరో, ఎక్కడివాళ్లో తెలియదు. వాళ్ల పని ఒక్కటే మిగిలింది. ఆ పని మిగలాలంటే దాని విలువ తెలిసిన వాడు ఎవరో ఒకరు కొని దాచాలి.

దివాన్ దేవిడీ గుమ్మం ముందు బారులు

యూసుఫ్ అలీ ఖాన్ కొంటున్నారన్న కబురు పాకిపోయింది. వస్తువులు అమ్ముకునేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో దివాన్ దేవిడీకి రావడం మొదలైంది. విదేశాల్లో ఆయనకు ఏజెంట్లు ఉండేవారు. పేరున్న పురాతన వస్తువుల వర్తకుల నుంచి జాబితాలు, కేటలాగులు తెప్పించి పంపేవారు. అవి చాలక ఆయన స్వయంగా ఐరోపాకు, మధ్యప్రాచ్యానికి వెళ్లి చూసి కొన్నారు.

ఇక్కడ ఒక చక్కటి మలుపు ఉంది. మన దేశపు ఎన్నో అపురూప వస్తువులు అప్పటికే పడమటి దేశాల దారి పట్టాయి. ఆ రోజుల్లో ధనిక ఐరోపా వాళ్లు తూర్పు దేశాల కత్తులను కొని తమ గోడలకు వేలాడదీసుకునేవారు. అదే కాలంలో హైదరాబాద్ నుంచి ఒక నవాబు ఎదురు దారిలో నడిచారు. వాళ్ల బొమ్మల్నీ, గడియారాల్నీ ఇక్కడికి తెచ్చారు. ఇక్కడివి ఇక్కడే ఉండేలా చూశారు.

అలా చేరిన వాటిలో మొఘల్ సొత్తుగా పేరుపడ్డవి జేడ్ గదిలో ఉన్నాయి. జహంగీర్‌దిగా చెప్పే రత్నాలు పొదిగిన బాకు, నూర్జహాన్ బేగందిగా చెప్పే పండ్ల కత్తి. పండ్ల కత్తి చూసినప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. దాంతో కోసేది మహా అయితే ఒక ఖర్బూజా. అయినా ఒక ఉస్తాద్ దానికి యుద్ధపు ఖంజర్‌కు పెట్టినంత శ్రద్ధ పెట్టాడు. అదే గదిలో షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం, సుల్తాన్ అల్తమష్ పేరున్న జేడ్ రెహల్ కూడా ఉన్నాయి. ఖుర్ఆన్ పెట్టుకునే రెహల్, విల్లు లాగే ఉంగరం, పండు కోసే కత్తి, అన్నిటికీ రాయి అదే.

ఆయుధాల గదిలో ఔరంగజేబ్, టిప్పు సుల్తాన్, మొహమ్మద్ షా, బహదూర్ షా, గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా పేర్లతో కత్తులు ఉన్నాయి. 1687లో ఔరంగజేబ్ గోల్కొండను గెలిచి తానీషాను బందీ చేశారు. బతికినప్పుడు ఎదురెదురుగా నిలిచిన ఇద్దరి కత్తులూ ఇప్పుడు ఒకే గదిలో ఉన్నాయి. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. అద్దాల వెనక ఆ తేడా కనబడదు. రెండింటికీ తుప్పు భయం ఒక్కటే.

ఇంత పోగేసినా ఆయన వాటిని ఒంటరిగా మురిసిపోతూ దాచుకోవాలనుకోలేదు. వయసు మీద పడుతున్న కొద్దీ వీటన్నిటికీ ఒక మ్యూజియం, ఒక గ్రంథాలయం కట్టాలని యోచన చేశారు. కానీ అది తన కళ్లతో చూసే అదృష్టం లేకపోయింది.

ఆరు నెలల్లో అంతా మారిపోయింది

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. పాత ఇళ్లలో భయం, అయోమయం. రేపు ఏమవుతుందో ఏ దేవిడీకీ తెలియదు. ఆరు నెలలు తిరగకుండానే, 1949 మార్చి 2న మూడో సాలార్‌జంగ్ కన్నుమూశారు. వయసు 59. వంశంలోని పెద్దల పక్కనే దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన్ని ఖననం చేశారు. అదే సంవత్సరం ఆగస్టులో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. అంటే ఆ సంపదకు ఆధారమైన భూమి కూడా పోయింది.

ఇక ఆ వస్తువుల గతేంటి? ఆయనకు భార్యా బిడ్డలు లేరు. దూరపు, దగ్గరి వారసులు చాలామంది. ఇలాంటి ఇళ్ల సొత్తు ఆ రోజుల్లో ఎలా చెదిరిపోయిందో మన పెద్దలు చెబుతూనే ఉంటారు. వాటాలు వేస్తే ఖంజర్ ఒకరికి, దాని ఒర ఇంకొకరికి. పిడిలోని కెంపులు ఊడదీస్తే వాటి ధర వేరు. ఇవన్నీ పంచుకుని అమ్ముకుని ఉంటే, కొన్నేళ్లలో మళ్లీ లండన్ దుకాణాలకే చేరేవి. 35 ఏళ్ల పని ఒక్క వేలంపాటలో ముగిసిపోయేది.

అలా జరగలేదు. ఆస్తి చూసుకోవడానికి ప్రభుత్వం సాలార్‌జంగ్ ఎస్టేట్ కమిటీని వేసింది. అప్పటి హైదరాబాద్ పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఈ సేకరణను మ్యూజియంగా మార్చాలని తలపెట్టి, కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ సాయం తీసుకున్నారు. దేవిడీ గదుల్లో చెల్లాచెదురుగా ఉన్న వస్తువుల్ని ఏరి, వరుసలో పెట్టారు. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. నిన్నటిదాకా ప్రధాన గుమ్మం దాటడానికి ఇజాజత్ కావాల్సిన ఇంట్లోకి రిక్షావాలా కూడా టికెట్ కొనుక్కుని వెళ్లే రోజు వచ్చింది.

వారసుల మధ్య రాజీ కుదిరి, 1958లో ఈ సేకరణ ప్రజల పరం కావడానికి దారి తెరుచుకుంది. 1961లో పార్లమెంటు చట్టం చేసి మ్యూజియాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫా దగ్గర కట్టిన కొత్త భవనంలోకి మార్చారు. దాన్ని ప్రారంభించింది రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయనా హైదరాబాద్‌లో పుట్టిన బిడ్డే. 40 వేలకు పైగా కళాఖండాలు, పెద్ద గ్రంథాలయం ఇప్పుడు అక్కడే ఉన్నాయి. దివాన్ దేవిడీ మాత్రం మిగల్లేదు. ఇప్పుడక్కడ దుకాణాలు. పాత దర్వాజాలు మాత్రం ఆ పేరు గుర్తుచేస్తూ నిలబడ్డాయి. ఇల్లు పోయింది, ఇంట్లోని కత్తి మిగిలింది.

మన అటకల మీద ఉన్న సంగతి

సాలార్‌జంగ్ అంత డబ్బు మనకు లేదు, అక్కర్లేదు కూడా. కానీ ఆయన కన్ను మనకు అవసరమే. పాతబస్తీలోనూ, గుంటూరు, కర్నూలు, కడప, నిజామాబాద్ లాంటి ఊళ్లలోనూ ఎన్నో ఇళ్లలో తాతల నాటి బాకో, జంబియానో, ఇత్తడి సరోతానో అటక మీద గుడ్డలో చుట్టి ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు అది పాత ఇనుము కింద కిలోల లెక్కన పోతుంది. కొందరు మెరవాలని ఉప్పుకాగితం పెట్టి రుద్దుతారు. అలా రుద్దితే జౌహర్ ఉంటే చెరిగిపోతుంది, బంగారు తీగ పని ఉంటే లేచిపోతుంది. మళ్లీ రాదు.

అలాంటిది ఇంట్లో ఉంటే ముందు మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడవండి. అలుగుకు పల్చగా నూనె రాయండి. తోలు ఒరలో ఉంచి మర్చిపోవద్దు. తోలు చెమ్మ పీల్చి లోపల తుప్పు పట్టిస్తుంది. పిల్లల చేతికి అందకుండా పెట్టండి. దాని మీద ఏవైనా అక్షరాలు ఉంటే ఉర్దూ, ఫార్సీ చదవగల పెద్దలకు చూపించండి. తాత ఎవరు, అది ఎలా వచ్చింది అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటను ఒక కాగితం మీద రాసి దాంతోపాటే ఉంచండి. కథ పోయిన కత్తి విలువ సగం పోయినట్టే. ఇంకో మాట, 100 ఏళ్లు దాటిన పురాతన వస్తువుల్ని దేశం దాటించడం మన చట్టం ప్రకారం నేరం. గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్లే పిల్లలకు గుర్తుగా ఇచ్చేముందు ఇది తెలుసుకోవాలి.

మ్యూజియానికి వెళ్లాలనుకుంటే శుక్రవారం సెలవని మర్చిపోకండి. ఈసారి గడియారం దగ్గర గంట కొట్టాక పిల్లల్ని నేరుగా జేడ్ గదికి తీసుకెళ్లండి. పండ్ల కత్తి ముందు నిలబెట్టి, ఇది ఎవరిది అని అడగండి. నూర్జహాన్‌ది అంటారు. ఎవరు కొని దాచారు అంటే సాలార్‌జంగ్ అంటారు. ఎవరు చేశారు అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు పలకమీద జవాబు ఉండదు. పిడి మీద రాయి ఎంత నున్నగా అరిగి ఉందో చూపించండి. అన్ని నెలలు చక్రం ముందు కూర్చున్న ఆ మనిషి గురించి మిగిలింది అదే.